పాత ఆట బొమ్మలకు కొత్త మెరుగులు: పాఠ పరిష్కరణ దృష్టితో

సాహిత్య విమర్శ పత్రికలో వీడియో ఆటల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. సినిమాను గురించి రాసినప్పుడూ ఒకప్పుడు ఇలాగే చిట్లించారు. పిల్లలు రోజూ గంటల తరబడి చూసే బొమ్మను గురించి మనం మాట్లాడకపోతే దాన్ని గురించి వ్యాపారి ఒక్కడే మాట్లాడతాడు. అదీగాక ఇక్కడ నేను ఎత్తదలచిన ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించి అచ్చువేయడం మొదలైన నాటి నుంచీ తెలుగు పండితులు తలలు బద్దలు కొట్టుకుంటున్నదే. పాత కృతిని కొత్త తరానికి అందించేటప్పుడు దాన్ని బాగుచేసే హక్కు ఎవరికుంది? అసలు బాగుచేయడమంటే ఏమిటి?

నేను సికింద్రాబాద్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. ఆ మధ్య మధ్యాహ్న భోజనాల వేళ తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు సెల్‌ఫోన్‌తో దొరికిపోయాడు. తీసుకుని చూస్తే తెరమీద ‘స్ట్రీట్ ఫైటర్ 2’. 1991లో జపాన్‌లోని కాప్‌కామ్ కంపెనీ తయారుచేసిన కొట్లాట ఆట. నా చిన్ననాటి ఆట. కానీ అవి నేనెరిగిన బొమ్మలు కావు. కండలు తిరిగిన మనుషులు మైనం బొమ్మల్లా నున్నగా, గుండ్రంగా మెరుస్తున్నారు. ముఖాల్లో గీత అన్నది లేదు. “ఇదేమిట్రా?” అన్నాను. “పాత గేమే సార్. బొమ్మ మంచిగ లేకుండె, గళ్ళు గళ్ళు కనబడుతుండె. నేనే హెచ్‌డీ చేసిన” అన్నాడు, పని నేర్చినవాడి గర్వంతో. ఫోన్ సాయంత్రం తిరిగి ఇచ్చేశాను. ‘నేనే చేసిన’ అన్న మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

వాడు చేసిన పనికి ఒక చరిత్ర ఉంది. వీడియో ఆట అనేది ఒక యంత్రం మాత్రమే చదవగలిగే లిపిలో రాసిన గ్రంథం. ఆ యంత్రం మూలపడితే గ్రంథాన్ని చదివే నాథుడుండడు. కొత్త యంత్రం చేత పాత యంత్రం వేషం కట్టించే ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటారు. కూచిపూడి కళాకారుడు సత్యభామ జడ వేసుకుని నడక మార్చి సత్యభామే అనిపించినట్టు, ఇవాళ్టి కంప్యూటర్ 1991 నాటి యంత్రంలా నడుస్తుంది. ఆట మోసపోయి తన యంత్రం దొరికిందనుకుని ఆడుతుంది. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో ‘మేమ్’ అనే ఎమ్యులేటర్‌ను విడుదల చేశాడు. అదే ఏడు ‘కాలస్’ అనే ప్రోగ్రాం కాప్‌కామ్ ఆటలను ఇంటి కంప్యూటర్ల మీద ఆడించింది. సూపర్ నింటెండో యంత్రానికి ‘జెడ్‌స్నెస్’ వంటివి ఆ కాలంలోనే వచ్చాయి. వీటిని చేసినవాళ్ళలో ఎక్కువమంది తీరిక వేళల్లో, లాభాపేక్ష లేకుండా పనిచేసినవాళ్ళే.

మన ఊరికీ ఈ చరిత్రలో చోటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ల బజారు ఉంది. అందరూ సీటీసీ అంటారు. 2000 తర్వాత అక్కడి నుంచి కంప్యూటర్ తెచ్చుకున్న ఇళ్ళలోనూ, గల్లీల్లో వెలసిన ఇంటర్నెట్ సెంటర్లలోనూ ‘ముస్తఫా’ ఆడని కుర్రవాడు అరుదు. ఆ ఆట అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అదీ కాప్‌కామ్‌దే, 1993 నాటిది. అందులో ముస్తఫా కైరో అనే పాత్ర ఉంది. ఆ పాత్ర పేరునే ఆటకు పెట్టుకున్నారు మనవాళ్ళు. తాము ఆడుతున్నది ఎమ్యులేటర్ మీదనని వాళ్ళలో చాలామందికి తెలియదు. వ్యాఖ్యాత ఎవరో తెలియకుండానే టీకతో సహా పద్యం బట్టీపట్టిన మన తరహాలోనే ఇదీ.

ఇక బొమ్మ సంగతికి వద్దాం. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అసలు యంత్రంలో తెర అడ్డంగా 384 చుక్కలు, నిలువుగా 224 చుక్కలు. పిక్సెల్ అంటున్నది ఈ చుక్కనే. ఒక మల్లయోధుడి ముఖం మొత్తం ఇరవై ముప్ఫై చుక్కల వెడల్పులో ఇమడాలి. కన్ను రెండు మూడు చుక్కలు. ఆగ్రహం, నవ్వు, నొప్పి అన్నీ ఆ రెండు మూడు చుక్కల్లోనే చూపించాలి. 1992లో సూపర్ నింటెండోకు ఈ ఆటను దించినప్పుడు ఆ వెడల్పు 256 చుక్కలకు తగ్గిపోయింది. ఆట మొత్తం 16 మెగాబిట్ల క్యాసెట్‌లో, అంటే రెండు మెగాబైట్లలో పట్టాలి. ఇవాళ నా ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఆ 384 చుక్కలూ 4కు 3 పాళ్ళున్న టీవీ తెరమీద పరచుకున్నాయి. లెక్క వేసి చూడండి: ప్రతి చుక్కా వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ అవుతుంది, పాళ్ళు 7కు 9. సూపర్ నింటెండోలో ఇది తలకిందులు. అక్కడ చుక్క వెడల్పుగా సాగుతుంది, 7కు 6. చిత్రకారుడు ఈ సాగుడూ నొక్కుడూ లెక్కలోకి తీసుకుని గీయవలసిందే. ఇవాళ ఎమ్యులేటర్‌లో ప్రతి చుక్కనూ సమచతురస్రం చేసి ‘ఇదే శుద్ధమైన అసలు బొమ్మ’ అనేవాళ్ళున్నారు. అలా చేస్తే మొదటి యంత్రంలోని యోధులు లావెక్కుతారు, రెండో యంత్రంలోని యోధులు బక్కచిక్కుతారు. శుద్ధి పేరుతో జరిగే మొదటి అపచారం ఇది.

రెండోది ఇంకా లోతైనది. పాత గొట్టపు టీవీలో చుక్కకు గట్టి అంచుండదు. గాజు వెనుక పూసిన పదార్థం ఎలక్ట్రాన్ల దెబ్బకు వెలుగుతుంది, ఆ వెలుగు పక్కచుక్క మీదికి కొంత ఒలుకుతుంది. గీతకూ గీతకూ మధ్య సన్నని చీకటి చార ఉంటుంది. రెండు రంగుల చుక్కలను గళ్ళబట్టలా ఒకటి విడిచి ఒకటి పెడితే, ఇంటి టీవీలో అవి కలిసిపోయి మూడో రంగు కనిపించేది. తెరమీద ఒకేసారి 64 రంగులకు మించి చూపలేని సేగా మెగాడ్రైవ్ యంత్రంలో బొమ్మలు గీసినవాళ్ళు ఈ ఉపాయం విరివిగా వాడారు. నీడలు, పొగ, జలపాతం అన్నీ అలా పుట్టినవే. అంటే చిత్రకారుడు గీసినది చుక్కలను. మనకు చూపదలచినది చుక్కలను కాదు. ముగ్గులో చుక్కలు ముగ్గు కానట్టే. వాకిట్లో చుక్కలు మాత్రం మిగిల్చి, గీతలు చెరిపేసి, ‘మీ అమ్మమ్మ వేసిన ముగ్గు ఇదే’ అని చూపిస్తే ఎలా ఉంటుంది? కొత్త తెరమీద పాత ఆట అలా ఉంటుంది. మా పిల్లవాడికి ‘గళ్ళు గళ్ళు’ కనబడడంలో ఆశ్చర్యం లేదు. వాడి ఫిర్యాదు న్యాయమైనదే. తేడా అంతా వాడు వాడిన మందులో ఉంది.

ఆ మందు వయస్సు ముప్ఫై ఏళ్ళ పైమాటే. 1992లో లూకాస్ కంపెనీలో ఎరిక్ జాన్‌స్టన్ అనే ప్రోగ్రామర్ చిన్న తెరల ఆటలను మాకింటోష్ పెద్ద తెరకు తెచ్చే పనిలో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఒక చుక్కను నాలుగు చేయాలి. ఆ నాలుగింటికీ ఏ రంగు వేయాలో పక్కచుక్కలను చూసి నిర్ణయించాలి. 1999లో ‘2ఎక్స్‌శాయ్’, 2001లో ‘స్కేల్‌2ఎక్స్’, 2003లో మాక్సిమ్ స్టెపిన్ చేసిన ‘హెచ్‌క్యూ2ఎక్స్’ ఇదే దారిలో నడిచాయి. చివరిది ప్రతి చుక్కనూ దాని చుట్టూ ఉన్న ఎనిమిది చుక్కలతో పోల్చి, 256 రకాల అమరికల పట్టిక చూసి గీత ఎటు పోతున్నదో ఊహిస్తుంది. 2011లో యోహానెస్ కాఫ్, డాని లిషిన్‌స్కీ అనే పరిశోధకులు చుక్కల బొమ్మను పూర్తిగా వంపుగీతల బొమ్మగా మార్చే విధానాన్ని ప్రకటించారు. 2018 తర్వాత నాడీజాలం నమూనాలో పనిచేసే కృత్రిమ మేధ రంగంలోకి దిగింది. లక్షల బొమ్మలు మింగిన యంత్రం, లేని వివరాలను తానే పుట్టించి అతికిస్తుంది.

వీటి తెలివిని నేను తక్కువ చేయడం లేదు. కానీ వీటన్నిటి వెనుక ఉన్నది ఒకటే పని: ఊహ. మెట్లుమెట్లుగా ఉన్న గీత కనిపిస్తే ‘ఇది వంపు అయి ఉంటుంది’ అని యంత్రం అనుకుంటుంది. విడిగా ఉన్న ఒక్క చుక్క కనిపిస్తే ‘ఇది పొరపాటు అయి ఉంటుంది’ అని పక్కరంగులో కలిపేస్తుంది. ఆ ఒక్క చుక్కా కంటిలోని మెరుపు కావచ్చు, పగిలిన పెదవి మీది నెత్తురు కావచ్చు. లేఖకుడు తనకు అర్థంకాని పాతమాటను తనకు తెలిసిన మాటగా దిద్దుకుంటూ పోయినట్టే ఇది. అలా దిద్దిన పాఠం చదవడానికి హాయిగానే ఉంటుంది. కష్టమైన పాఠమే ప్రాచీనమైనది కావడానికి అవకాశం ఎక్కువ అని ఎం.ఏ. తరగతిలో మనకు చెప్పారు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చువేసినా, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రను తెచ్చినా, వెనుక పలు ప్రతులను ముందు పెట్టుకుని పాఠాంతరాలు పోల్చిన పండితుల శ్రమ ఉంది. బ్రౌన్ దొర ఎంపికలతో మనకు పేచీ ఉండవచ్చు. ప్రతులున్నాయి కాబట్టి పేచీ పడగలుగుతున్నాం. నున్నచేసే యంత్రం పాఠాంతరం చూపదు. తన ఊహను కవి పేరిట ప్రకటిస్తుంది.

ఇంతకూ ‘అసలు ప్రతి’ అంటున్నాం గదా, మనకు అసలు ప్రతి ఏది? ఇక్కడ నా అనుభవం చెప్పక తప్పదు. 1990లలో చిలకలగూడ రైల్వే క్వార్టర్లలో మేము ఆడిన యంత్రం నింటెండోది కాదు. నింటెండో వారి 1983 నాటి ఫ్యామిలీ కంప్యూటర్‌కు ఆసియా అంతటా తయారైన నకళ్ళలో అదొకటి. మేము ‘టీవీ గేమ్’ అనేవాళ్ళం. అందులో పెట్టుకునే కొట్లాట క్యాసెట్లు కూడా కాప్‌కామ్ ముఖం చూసినవి కావు. తైవాన్ వంటి చోట్ల ఏ అనుమతీ లేకుండా తయారైనవి. పదహారు బిట్ల యంత్రం కూడా ఆయాసపడి మోసిన ఆటను ఎనిమిది బిట్ల యంత్రం మీదికి దించారు. ఆ యంత్రంలో ఎనిమిది చుక్కల వెడల్పున్న కదిలే ముక్కకు మూడు రంగులే. ఒక అడ్డగీత మీద అలాంటి ముక్కలు ఎనిమిది మించితే తక్కినవి మాయమవుతాయి. ఇద్దరు యోధులు దగ్గరకొచ్చి కలబడగానే ఒకడి చెయ్యో కాలో మినుకుమినుకుమనేది. అది దెబ్బ తగిలిన గుర్తని మేము నమ్మాం! మన పాల్ పద్ధతి టీవీ సెకనుకు యాభై బొమ్మలే చూపేది, అరవై కాదు. అంచేత మన యోధులు జపాన్ యోధులకన్నా ఆరోవంతు మెల్లగా తన్నుకున్నారు.

మా ఇంట్లో ఉన్నది హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన నలుపు తెలుపు టీవీ. ఇద్దరూ ఒకే యోధుణ్ణి ఎంచుకుంటే గుర్తుపట్టడానికి రెండోవాడి దుస్తుల రంగు మారుస్తారు. మాకు ఇద్దరూ బూడిదరంగులోనే కనిపించేవాళ్ళు. ఎవడు ఎవడో తెలియక సగం ఆటలో నన్ను నేనే చూసుకోలేకపోయేవాణ్ణి. పండితులు ఈసడించిన గుజిలీ ప్రతుల్లోనే సామాన్యులు కథలూ పాటలూ చదువుకున్నారు. తప్పులతడకలే కావచ్చు, జనం చేతికి అందింది అవే. మా కొట్లాట క్యాసెట్ కూడా గుజిలీ ప్రతే. ఇవాళ ఎవరైనా నా బాల్యంలోని ఆటను ‘మెరుగు’ చేసి ఇస్తానంటే, దేన్ని మెరుగు చేస్తాడు? జపాన్ ప్రతినా, తైవాన్ ప్రతినా, చిలకలగూడ ప్రతినా?

ఈ ప్రశ్న ఆటలకే పరిమితం కాదని తెలుగువాళ్ళకు 2010లో తెలిసివచ్చింది. ఆ ఏడు జనవరి 30న ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైంది. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన ఆ నలుపు తెలుపు చిత్రానికి రంగులు అద్దినది సికింద్రాబాద్‌లో కార్యాలయమున్న గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్. శబ్దాన్నీ కొత్త హాళ్ళకు తగ్గట్టు మార్చారు. జనం ఎగబడి చూశారు. నేనూ మా అమ్మను తీసుకుని వెళ్ళాను. ఆమె కళ్ళు మెరిశాయి. ఆ ఆనందాన్ని కాదనడానికి నేనెవణ్ణి? అయినా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే ఆ వెలుగునీడలను రంగుల కోసం అమర్చలేదు. నలుపు తెలుపు చిత్రంలో వెన్నెల వెన్నెలగా కనిపించడానికి కారణం రంగు లేకపోవడమే. గోఖలే, కళాధర్ వేసిన సెట్లు బూడిదఛాయల్లో ఎలా పలుకుతాయో చూసుకుని వేసినవి. శశిరేఖ చీరకు 2010లో ఏ రంగు వేశారన్నది కంప్యూటరు ముందు కూర్చున్నవారి నిర్ణయం. అది మంచి నిర్ణయమే కావచ్చు. కానీ అది 1957ది కాదు. మనకు మేలు జరిగిందేమిటంటే పాత ప్రతి పోలేదు, రెండూ దొరుకుతున్నాయి, పోల్చి చూసుకోవచ్చు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విషయంలో ఆ అదృష్టం కూడా లేదు. 1932 నాటి ఆ చిత్రం ప్రతి ఇవాళ దొరకదు. రంగులద్దాలో వద్దో వాదించుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

యంత్రం ఊహను వదిలి మనిషి చేతనే మళ్ళీ గీయిస్తే? 2008లో కాప్‌కామ్ ఆ పనే చేయించింది. ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’లోని ప్రతి బొమ్మనూ కెనడాకు చెందిన ఉడాన్ అనే కామిక్ చిత్రకారుల సంస్థ కొత్త తెరలకు తగిన వివరంతో తిరిగి గీసింది. నాకు ఆ బొమ్మల్లో గీత నచ్చింది, కదలిక నచ్చలేదు. ఆట పాతది పాతగానే నడవాలి కాబట్టి కదలికకు బొమ్మలు పాతవెన్నో ఇంచుమించు అన్నే. మసక బొమ్మ మూడు నాలుగు భంగిమల్లో దూకితే మధ్యనున్నది మన కన్ను పూరించుకునేది. స్పష్టమైన బొమ్మ అదే మూడు నాలుగు భంగిమల్లో దూకితే కుదుపు కనిపిస్తుంది. ఒక అంశాన్ని మెరుగుచేస్తే తక్కిన అంశాలతో దానికున్న పొంతన చెడుతుంది. రూపాన్ని సారం నుంచి విడదీసి దానికొక్కదానికే పాలిష్ పెట్టడం సాధ్యంకాదని మనం సాహిత్యంలో చెబుతూ వచ్చిన మాటకు ఇంతకన్నా ప్రత్యక్ష నిదర్శనం నాకు దొరకలేదు.

మరో రకం కొట్లాట ఆటలున్నాయి. 1992లో షికాగోలోని మిడ్‌వే కంపెనీ ‘మోర్టల్ కాంబాట్’ తెచ్చింది. ఇందులో బొమ్మలు గీసినవి కావు. నిజమైన మల్లవిద్యా కళాకారులను వీడియో కెమెరా ముందు నిలబెట్టి, తన్నించి, దొర్లించి, ఆ దృశ్యాలను చుక్కలుగా మార్చారు. జానీ కేజ్ అనే పాత్రకు శరీరమిచ్చిన డానియెల్ పెసీనా, ఇంటి యంత్రాలకు దించిన ఆటల్లో కూడా తన రూపాన్ని వాడుకున్నారని కంపెనీ మీద వ్యాజ్యం వేశాడు. 1996లో ఇల్లినాయ్ ఫెడరల్ కోర్టులో ఓడిపోయాడు. చుక్కలుగా మారిన బొమ్మలో ఆయన జనం గుర్తుపట్టేలా లేడన్నది ఆ తీర్పులో వచ్చిన వాదాల్లో ఒకటి. ఇవాళ అదే బొమ్మకు కృత్రిమ మేధతో ముఖం తెప్పిస్తున్నారు అభిమానులు. కూలి అడిగినప్పుడు ‘నీ ముఖం కనపడదు పొమ్మన్న’ బొమ్మకు ఇప్పుడు ముఖం వస్తున్నది. అది కూడా ఆయన ముఖం కాదు, యంత్రం ఊహించిన ముఖం! చాకిరీ చేసినవాడు రెండుసార్లు మాయమయ్యాడు.

ఇక ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో భారతీయుడి సంగతి. ఆట మొత్తానికి ఒకే ఒక్క భారతీయుడు, ధల్‌సిమ్. ఎముకల గూడు లాంటి ఒళ్ళు, నల్లగుడ్డు లేని తెల్లకళ్ళు, మెడలో పుర్రెల దండ. చేతులూ కాళ్ళూ రబ్బరులా సాగుతాయి, నోట్లోంచి ‘యోగా ఫైర్’ అంటూ మంట కక్కుతాడు. వెనుక ఏనుగులు ఘీంకరిస్తుంటాయి. యోగి, ఆకలి, ఏనుగు: పాశ్చాత్యుడు మనమీద వేసిన పాత ముద్రను జపాన్ కంపెనీ అరువు తెచ్చుకుని మనకే అమ్మింది. చిన్నప్పుడు మేమంతా ‘మనోడు’ అని వాడినే ఎంచుకునేవాళ్ళం. టీవీ మసకలో పుర్రెలు ఏవో పూసల్లా ఉండేవి. మా పిల్లవాడి ఫోన్‌లో మెరుగుపెట్టిన బొమ్మలో అవి మెరుస్తున్నాయి. మెరుగుపెట్టే యంత్రానికి దృక్పథం ఉండదు. అవమానాన్ని కూడా అంతే శ్రద్ధగా తోమి పెడుతుంది.

అలాగని ఆ పుర్రెలను చెరిపేద్దామా? ఇలాంటి చోటే ఒక ముఖ్యమైన సంఘటన జరిగింది. ఇదే ఆటలో హోండా అనే జపాన్ మల్లుడి రంగస్థలం వెనుక గోడమీద ఉదయిస్తున్న సూర్యుడి కిరణాల బొమ్మ ఉంటుంది. జపాన్ సామ్రాజ్య సైన్యం కొరియా, చైనాలను తొక్కినప్పటి జెండా గుర్తు అది. 2021లో కాప్‌కామ్ తన పాత ఆటలను తిరిగి అమ్మినప్పుడు ఆ కిరణాలను తొలగించింది. కొరియా ప్రజల గాయం నాకు అర్థమవుతుంది. ఆ గుర్తుతో నాకే ప్రేమా లేదు. కానీ 1991లో ఒక పెద్ద కంపెనీకి ఆ గుర్తు పిల్లల ఆటలో వేయడానికి అభ్యంతరం కనిపించలేదన్నది ఒక చారిత్రక సత్యం. గోడను శుభ్రం చేస్తే ఆ సత్యమూ తుడుచుకుపోతుంది. ప్రబంధాల్లోని స్త్రీ వర్ణనలతో మనకెంత పేచీ ఉన్నా వాటిని దిద్ది అచ్చువేయమని మనం అడగలేదు. పాఠం పాఠంగా ఉండాలి, విమర్శ పక్కన ఉండాలి. మార్చితీరాలనుకుంటే మార్చామని మొదటి పేజీలోనే చెప్పాలి.

ఆ పాఠం ఉండడమే గగనమైన రోజులివి. 1993 నుంచి కాప్‌కామ్ తన యంత్రాల్లో నకళ్ళను అడ్డుకోవడానికి ఆట తాళంచెవిని ఒక బ్యాటరీతో బతికే జ్ఞాపకంలో పెట్టింది. బ్యాటరీ అయిపోతే తాళంచెవి పోతుంది, యంత్రం శవమవుతుంది. డబ్బిచ్చి కొన్నవాడి యంత్రమే చచ్చిపోయేది! కంపెనీ వేసిన ఆ తాళాన్ని ఔత్సాహికులు 2001 నుంచి తీయడం మొదలుపెట్టి, 2007 నాటికి దాని సూత్రమంతా విప్పారు. అందుకే ఇవాళ ఆ ఆటలు బతికున్నాయి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు మార్కెట్లో దొరకవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్కతేల్చింది. పరిశోధకులు గ్రంథాలయాల నుంచి దూరాన ఉండి వాటిని చూసుకునే వెసులుబాటు కావాలని అడిగితే, 2024లో అక్కడి కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది. లాభం వచ్చే ఆటకు రంగులు పూస్తారు, రాని ఆటను బీరువాలో చావనిస్తారు.

ఎమ్యులేటర్ చేసేవాళ్ళలోనూ రెండు వాదాలున్నాయి. ‘బైయూ’ అనే మారుపేరుతో ఒకాయన 2004 నుంచి సూపర్ నింటెండోను దాని లోపాలతో సహా అచ్చంగా పునర్నిర్మించడానికి ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. బొమ్మను అందంగా చూపడం తర్వాత, ముందు యంత్రం నిజంగా ఏంచేసిందో తెలియాలన్నది ఆయన పట్టు. మరికొందరు ‘సీఆర్‌టీ షేడర్లు’ రాశారు. ఇవి కొత్త తెరమీద గొట్టపు టీవీ వెలుగునూ, చీకటి చారలనూ, చుక్కల ఒలుకుడునూ తిరిగి పుట్టిస్తాయి. ఇది బాగా కుదరాలంటే నాలుగువేల చుక్కల వెడల్పున్న ఖరీదైన తెర కావాలి. ముప్ఫై ఏళ్ళ కిందట పాతసామానువాడికి ఇచ్చేసిన మసకను ఇవాళ డబ్బు పోసి కొనుక్కుంటున్నామన్నమాట. అయినా ఈ దారే నాకు పరిష్కర్త దారిలా కనిపిస్తుంది. ఇది చుక్కను ముట్టుకోదు. చుక్క నిలిచిన పరిస్థితిని తిరిగి కల్పిస్తుంది. మీట నొక్కితే తొలగిపోతుంది కూడా. టీకాతాత్పర్యం మూలంలో కలవకుండా కింద నిలవడమంటే ఇదే. 2018లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్’ ముప్ఫయ్యేళ్ళ సంకలనంలో కంపెనీవారు కూడా బొమ్మను ఇలా రెండువిధాలా చూసుకునే ఏర్పాటు చేశారు; ఆ మేరకు మెచ్చుకోవాలి.

దీన్ని మా పిల్లవాడికి ఉపన్యాసంగా చెబితే వినడని తెలుసు. మా ఇంటి అటక మీద ఒక గొట్టపు రంగుల టీవీ ఉండిపోయింది. సీటీసీలో ఒక చిన్న మార్పిడి డబ్బా కొని, ఒక శనివారం బడి అయ్యాక పాత కంప్యూటర్‌ను దానికి తగిలించాను. అచ్చమైన పద్ధతి కాదది, నిపుణులు ఒప్పుకోరు; అయినా మెరుగుమందులన్నీ తీసేసి ఆట పెట్టాను. వాడు చాలాసేపు ఆడాడు. “కొడితే మొఖంల నొప్పి కనబడుతుంది సార్” అన్నాడు. తర్వాత ధల్‌సిమ్ మెడ వైపు వేలుపెట్టి అవేమిటని అడిగాడు. తన గ్రామంలో రోగాలకు చనిపోయిన పిల్లల పుర్రెలని ఆట తయారుచేసినవాళ్ళ కథ, చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు.

ఆట గెలిచాక చివర్న పనిచేసినవాళ్ళ పేర్లు దొర్లాయి. అవి మనుషుల పేర్లలా లేవు. పోటీ కంపెనీలు తమ పనివాళ్ళను ఎగరేసుకుపోతాయన్న భయంతో అప్పట్లో జపాన్ కంపెనీలు అసలు పేర్లు వేయనిచ్చేవి కావని సాధారణంగా చెబుతారు. బొమ్మల రూపకల్పనలో ముఖ్యుడు అకీరా యసుదా ‘అకీమాన్’ అయ్యాడు, ఆటను ప్రణాళిక వేసిన అకీరా నిషితానీ ‘నిన్ నిన్’ అయ్యాడు. వాళ్ళిద్దరూ తర్వాత పేరుపొందారు గనక ఇవాళ మనకు తెలుసు.

“మరి ధల్‌సిమ్‌ను చుక్క చుక్క పెట్టి గీసినోళ్ళెవరు సార్?” అన్నాడు పిల్లవాడు. ఇద్దరం ఆ జాబితాను మళ్ళీ మొదటినుంచి నడిపించి చూశాం. అన్నీ మారుపేర్లే.